మోకాలి లోపలి మందుపూత

పోయిన ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు మీలో చిన్నది ఒక సంగతి కనిపెట్టింది. పొద్దున లేవగానే, మంచం దిగకముందు, నేను రెండు అరచేతులూ రెండు మోకాళ్ల మీద పెట్టుకుని కాసేపు అట్లాగే కూర్చుంటానట. "అవ్వా, దండం పెట్టుకుంటున్నావా?" అని అడిగింది. నవ్వి ఊరుకున్నాను.

దండం కాదమ్మా. వేడి చూసుకుంటాను. కుడి మోకాలు ఎడమదాని కంటే వేడిగా ఉందా, రెండూ ఒక్కతీరుగా ఉన్నాయా అని. ఇన్నేళ్లలో ఒక్క పొద్దు కూడా మానలేదు. ఎందుకో ఫోన్లో చెప్పాలంటే నా గొంతు మీకు సగమే వినిపిస్తుంది, మిగతా సగం "ఆఁ? ఆఁ?" అనడంతోనే పోతుంది. అందుకే రాసి పంపుతున్నాను. తీరిక ఉన్నప్పుడు చదువుకోండి.

అప్పట్లో మేము గౌడవెల్లి దగ్గర ద్రాక్షతోటలోనే ఇల్లు కట్టుకుని ఉండేవాళ్లం. ఇప్పుడు మీకు అక్కడ ప్లాట్లు, ఇళ్లు కనిపిస్తాయి కానీ, తొంభైల్లో మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఎటు చూసినా పందిళ్లే. రాతి కడీలు పాతి, వాటి మీద ఇనుప తీగ లాగి, ద్రాక్షను పైకి పాకించేవాళ్లు. పందిరి కింద నిలబడి, మెడ ఎత్తి, చిన్న కత్తెరతో గుత్తుల్లో గింజలు పలచన చేయడం ఆడవాళ్ల పని. కూలీలతో పాటు నేనూ చేసేదాన్ని. పొద్దంతా నిలబడి నిలబడి మోకాళ్లు అక్కడే అరిగిపోయాయి.

ద్రాక్షకు పెద్ద భయం బూజు. మబ్బు పట్టి, ముసురు పెడితే చాలు, ఆకు మీద నూనె చుక్క పడ్డట్టు మచ్చ వస్తుంది. తిప్పి చూస్తే అడుగున తెల్లగా నూగు. అది కనిపించాక మందు కొట్టినా సగం తోట పోయినట్టే. మందు ముందే ఆకు మీద ఉండాలి. కొమ్మ కత్తిరించిన రోజే, కోసిన ప్రతి మొన మీదా మైలుతుత్తం, సున్నం కలిపిన నీలం ముద్దను కుంచెతో పూయాలి. ఆ పని మీ తాత ఎవరికీ అప్పగించేవాడు కాదు. మందు ఆయనే కలపాలి, పూత ఆయనే చూడాలి. మబ్బు రోజుల్లో పిచికారీ ఆపడమంటే ఆయన దృష్టిలో పసిపిల్లను వానలో వదిలిపెట్టడమే. కీసర వైపు ఒకాయన ముసురులో పిచికారీ ఆపి పంటంతా పోగొట్టుకున్నాడు. ఆ సంగతి మీ తాత ఏటా చెప్పేవాడు, మేము మొదటిసారి విన్నట్టే వినేవాళ్లం.

రెండు వేల సంవత్సరం దాటాక నా కుడి మోకాలు పూర్తిగా మొరాయించింది. సికింద్రాబాద్‌లో పెద్ద ఆస్పత్రికి తీసుకుపోయి, లోపల లోహపు కీలు పెట్టించారు. కొన్ని నెలలు ఎంత బాగుందో! పందిరి కింద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి, వెనక్కి తిరిగి మళ్లీ నడిచేదాన్ని, ఊరికే, నడవగలుగుతున్నానని.

తర్వాత ఒక రోజు కుట్ల గీత మీద చిన్న తడి కనిపించింది. చెమట అనుకున్నాను. తుడిస్తే పోయింది, మర్నాడు మళ్లీ వచ్చింది. మేడ్చల్‌లో చూపిస్తే చీము పట్టిందని గోళీలు రాశారు. తగ్గకపోతే ఇంకో రకం, దానికీ తగ్గకపోతే సూదులు. నాకు షుగరు కూడా ఉంది కదా, మానడం ఆలస్యమవుతుందిలే అనుకున్నాం. నాలుక మీద తెల్లగా పాలపొరలాగా వచ్చింది, దాన్నెవరం పట్టించుకోలేదు. మోకాలు మాత్రం రోజురోజుకీ వేడెక్కింది. చెయ్యి పెడితే అప్పుడే దించిన గిన్నె మీద పెట్టినట్టుండేది.

మళ్లీ సికింద్రాబాద్ వెళ్లాం. ఆపరేషన్ చేసిన డాక్టరే సూది పెట్టి మోకాల్లోంచి నీరు తీసి పరీక్షకు పంపాడు. కోస్తా వైపు మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు. రిపోర్టు వచ్చిన రోజు ఇంకా నెమ్మదిగా మాట్లాడాడు.

"అమ్మా, ఇది మామూలు చీము కాదండి. ఫంగస్. బూజు జాతిది."

మీ తాత కుర్చీలోంచి ముందుకు వంగాడు. "బూజా సారూ? అంగూరు తోటకు వచ్చేటిదా?"

"అది కాదండి, దాని చుట్టం అనుకోండి. మన నోట్లో, పేగుల్లో ఎప్పుడూ కొంచెం ఉంటుంది. షుగరుండి, నెలల తరబడి యాంటీబయాటిక్స్ వాడితే దానికి చోటు దొరుకుతుంది. ఇప్పుడు లోహం మీద జిగురు పొరలా పట్టేసింది. లోహంలో రక్తం పారదు కదా, మీరు మింగిన మందు ఆ పొర లోపలికి చేరదు."

"అయితే ఏం జేస్తరు?"

"కీలు తీసెయ్యాలి. ఆ ఖాళీలో మందు కలిపిన సిమెంటు ముద్ద పెడతాం. ఎముకలు పట్టేసే సిమెంటండి, ఇళ్లు కట్టేది కాదు. అందులోంచి మందు అక్కడికక్కడే ఊరుతుంది. బూజు పూర్తిగా పోయిందని తేలాక కొత్త కీలు."

"గది గూడ పనిజేయకపోతే?"

డాక్టరు నా మొహం చూడలేదు. నా కాలు చూశాడు. "కాలు తియ్యాల్సి రావచ్చండి. మోకాలి పైనుంచి."

అప్పటిదాకా నాకు నొప్పి తెలుసు, భయం తెలియదు. ఇంటికి వచ్చేదాకా బండిలో నా రెండు చేతులతో ఆ కాలు పట్టుకునే ఉన్నాను, ఎవరో దారిలో దించుకుపోతారన్నట్టు.

కీలు తీశారు. సిమెంటు ముద్ద పెట్టారు. కాలు కర్రలాగా బిగుసుకుపోయింది, చుట్టూ పట్టీల చట్రం. రోజూ సెలైన్‌లో ఆ బూజు మందు ఎక్కించేవాళ్లు. అది ఎక్కడం మొదలైన కాసేపటికి వణుకు వచ్చేది. చలి వణుకు కాదు పిల్లలూ, మంచం కాళ్లు నేల మీద టకటక కొట్టుకునేంత వణుకు. మీ అమ్మ దుప్పటి మీద దుప్పటి కప్పి, చివరికి తనే నా మీద వాలి పట్టుకునేది. "అమ్మా, అయిపోయింది, అయిపోవొచ్చింది" అనేది. తనూ వణికేది, నా వణుకో, తన వణుకో తెలిసేది కాదు. ఆ మందు కిడ్నీలకు కూడా మంచిది కాదని చెప్పి, పొద్దున్నే రక్తం తీసుకుని పోయేవాళ్లు. వాళ్ల చెప్పుల చప్పుడు వరండాలో వినిపిస్తే చెయ్యి దుప్పటి కిందికి లాక్కునేదాన్ని.

ఆ తర్వాత ఇంటికి పంపి, అదే రోగానికి గులాబీ రంగు గొట్టం మాత్రలు ఇచ్చారు. నెలల పాటు వేసుకున్నాను. వేడి తగ్గింది. తడి ఆగింది. అప్పుడు డాక్టరు ఒక మాట చెప్పాడు, ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి.

"ఇప్పుడు ఈ మాత్రలు పూర్తిగా ఆపెయ్యండి. కొన్ని వారాలు ఆగి మళ్లీ నీరు తీసి, అందులో బూజు మొలుస్తుందో లేదో చూస్తాను. మందు ఒంట్లో ఉండగా పరీక్ష చేస్తే, బూజున్నా మొలవదు. లేదనుకుని నేను కొత్త కీలు పెట్టేస్తాను. దానికి కూడా పట్టిందంటే, ఇక నా చేతుల్లో ఏమీ ఉండదమ్మా."

మీ తాత తల ఊపాడు. నేనూ ఊపాను.

ఆ వారాలన్నీ ముసురే. శామీర్‌పేట వైపు నుంచి మబ్బు కదిలేది కాదు. మీ తాత పొద్దున లేచి ఆకాశం చూసేవాడు, తర్వాత నా కాలు చూసేవాడు, తర్వాత పిచికారీ పంపు ఎత్తుకుని తోటలోకి పోయేవాడు. పోయేముందు నాకు జొన్న అంబలి తెచ్చిచ్చేవాడు. అందులో సల్ల పోసి, ఉప్పేసి, తనే కలిపి. నేను లేవలేను కదా, పాపం ఎంత చూసుకుంటున్నాడో అనుకున్నాను.

"అంబలి సేదు కొడ్తాందేంది?" అని ఒకసారి అడిగాను.

"నీ నోరే సేదు. గన్ని మందులు మింగితె తియ్యగుంటదా?" అన్నాడు.

నీరు తీశారు. రిపోర్టు వచ్చింది. ఏమీ మొలవలేదు. కొత్త కీలు పెట్టడానికి రోజు కూడా చెప్పారు. మీ అమ్మ వచ్చి పరమాన్నం వండింది.

"షుగరోళ్లకు పరమాన్నం పెడ్తరా ఎవలన్న?" అన్నాను.

"ఒక్క చెంచనే. నాకి చూడు, సాలు" అంది.

నాకాను. ఎన్ని నెలల తర్వాతో నవ్వాను కూడా. ఆ రాత్రి భయం లేకుండా నిద్రపోయాను.

మర్నాడు పొద్దున మీ అమ్మే పొయ్యి దగ్గర ఉంది. నా గిన్నెలో అంబలి పోసి తెస్తుంటే మీ తాత అడ్డం వచ్చాడు.

"ఆగు బిడ్డా. మీ అమ్మకు నేను కలుపుత."

"కలిపిన గద నాయినా."

"సల్ల సరిపోలే. ఇటియ్యి."

"నువ్వెప్పట్నుంచి నేర్చినవ్ వంట? నాకెన్నడన్న ఒక్క చాయ్ పోసిచ్చినవా?" మీ అమ్మ నవ్వుతూనే అంది. ఆ నవ్వులోనే ఆయన పిడికిలి చూసింది. "నాయినా, చెయ్యి తెరు."

"ఏం లేదే."

"తెరు నాయినా."

తెరిచాడు. అరచేతిలో ఒక గులాబీ గొట్టం, సగానికి విప్పింది. పొడి అప్పటికే గిన్నెలో పడింది, సల్ల మీద తెల్లగా తేలుతోంది.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత చేదు అర్థమైంది. తర్వాత రిపోర్టు అర్థమైంది. కాలు మొత్తం మంచులో పెట్టినట్టయింది.

"ఏందయ్యా గిది? ఆపుమన్నరు గద?"

"ఆపుమన్నరు." ఆయన తలుపులోంచి బయటికి చూపించాడు. "మబ్బు జూడు. ఇన్ని దినాల సంది ఎండ మొకం లేదు. గిసొంటి దినాలల్ల మందు ఆపుతరా? ఆయినె పట్నమాయినె, ఆయినెకేం ఎరుక ముసురు సంగతి?"

"నా కాలేమన్న తోటనా?"

"తోట ఎండితె మళ్ల నాటుకుంట. నిన్నెక్కడ నాటుకోవాలె?"

మీ అమ్మ గిన్నె కింద పెట్టేసింది. "మరి రిపోర్టు, నాయినా? మందు ఒంట్ల ఉంటె మొలవదన్నరు. నువ్వు గూడ ఇన్నవ్ గద."

ఆయన ఖాళీ గొట్టాన్ని వేళ్ల మధ్య తిప్పాడు. బయట చూరు నీళ్లు పడుతూనే ఉన్నాయి.

"రిపోర్టు మంచిగనే వచ్చె గద," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "నిజంగనే పోయిందేమో. ఇగ గిప్పుడు చెప్తె మళ్ల ఆపుమంటరు, మళ్ల సూది, మళ్ల మొదటికొస్తది. ఊకుంటె ఎల్లుండికి కొత్త కీలు పడ్తది. నడుస్తవ్."

మీకు నిజం చెప్పాలి. ఆ మాట నన్ను లాగింది. నడుస్తవ్. ఒక్క మాట. నోరు మూసుకుంటే చాలు. కానీ కళ్లు మూసుకుంటే మెరిసే కొత్త లోహం కనిపించింది, దాని అడుగున, ఆకు తిప్పి చూసినట్టు తిప్పి చూస్తే, తెల్లటి నూగు. ఇంక వణుకు మొదలైంది, మందు ఎక్కించకుండానే.

"రేపు సికింద్రాబాద్ పోదాం," అన్నాను. "నువ్వే చెప్పాలె."

"నేనా?"

"నువ్వే. నా గొంతు ఆయినెకు ఇనపడదు."

డాక్టరు గదిలో మీ తాత తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన ఎవరి ముందూ అట్లా కూర్చోవడం నేను చూడలేదు.

"సారూ, నేను ఆపలే. అంబలిల కలిపి ఇచ్చిన. ఈమెకు ఎరుకలేదు."

"ఎప్పటి నుంచండి?"

"మీరు ఆపుమన్నప్పటి సంది. ఒక్క పూట గూడ ఇడువలే."

డాక్టరు తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "మీరు చెప్పకపోయుంటే రేపు నేను పెట్టేసేవాణ్ణి," అన్నాడు. ఎవరితోనో కాదు, తనతోనే అన్నట్టు. ఆయన భయపడటం చూసి నాకు ఇంకా భయమేసింది.

ఆపరేషన్ ఆగింది. మాత్రలు నిజంగా ఆగాయి. ముసురు ఆగలేదు.

ఆ రోజుల్లోనే ఈ అలవాటు పట్టుకుంది, రెండు మోకాళ్ల మీద రెండు చేతులు. మందు లేని కాలు నాకు కావలి లేని తోటలాగా ఉండేది. మీ తాత సంగతి ఇంకా కష్టం. చేతులకు ఏదో ఒక పని కావాలి ఆయనకు. నాకు ఇవ్వలేని మందంతా తోటకు కొట్టాడు. కొట్టిన దాని మీదే మళ్లీ కొట్టాడు. పందిరి మొత్తం నీలమైపోయింది, రాతి కడీలతో సహా. కూలికొచ్చిన ఆడవాళ్లు "ఏంది పటేలా, పెండ్లి పందిరికి రంగేస్తున్నవా?" అని ఆటపట్టించారు. ఆయన నవ్వలేదు. ఆ ఏడు మా తోటకు బూజు రాలేదు కానీ, మందు ఎక్కువై లేతాకు అంచులన్నీ మాడిపోయాయి.

మళ్లీ నీరు తీశారు. ఎదురుచూశాం. ఈసారి డాక్టరే ఫోన్ చేశాడు. ఫోన్ మీ తాత ఎత్తాడు, విన్నాడు, పెట్టేశాడు.

"మొలిచింది," అన్నాడు.

విత్తనం మొలిచిందంటే ఇంట్లో ఎంత సంతోషపడే మనుషులం మేము! ఆ మాట అప్పటి నుంచి నాకు ఇంకోలా వినిపిస్తుంది.

పాత ముద్ద తీసి, లోపలంతా గీకి కడిగి, కొత్తగా మందు కలిపిన ముద్ద పెట్టారు. మళ్లీ సెలైన్, మళ్లీ మంచం కాళ్ల టకటక, మళ్లీ మీ అమ్మ నా మీద వాలడం. మళ్లీ నెలల మాత్రలు. కాలు ఉంటుందో ఊడుతుందో అడగడానికి ఎవరికీ ధైర్యం లేదు. ఆపాల్సిన రోజు వచ్చినప్పుడు మిగిలిన గులాబీ మాత్రలన్నీ మీ తాత గుడ్డలో మూటగట్టి మీ అమ్మ చేతిలో పెట్టాడు.

"తీస్కపో బిడ్డా. నా దగ్గర ఉంచకు. నా చేతులు ఊకోవు."

ఆ తర్వాత నా అంబలి గిన్నె కూడా ముట్టుకోలేదు ఆయన. దూరంగా అరుగు మీద కూర్చుని, నేను తాగుతుంటే చూసేవాడు.

ఈసారి ఏమీ మొలవలేదు. నిజంగానే లేదు. అయినా ఎవరూ పరమాన్నం వండలేదు.

కొత్త కీలు పెట్టే ముందు డాక్టరు మమ్మల్ని పిలిచి మాట్లాడాడు. "ఈసారి బూజు వచ్చాక తరమడం కాదండి, రాకముందే కాపలా పెడదాం. లోహానికే మందు పూత పూసి తయారుచెయ్యాలని కొన్నిచోట్ల ప్రయత్నిస్తున్నారు. మనకి అట్లాంటిది దొరకదు. నేనే బూజు మందు పొడి సిమెంటులో కలిపి, కీలు ఎముకను తాకే చోటల్లా పట్టిస్తాను. పొడి ఎక్కువైతే సిమెంటు గుల్లబారుతుంది, తక్కువైతే పని చెయ్యదు."

"ఎరుకే సారూ," అన్నాడు మీ తాత. "ఎక్కువైతె ఆకు మాడ్తది. మొన్ననే మాడ్చుకున్న." మళ్లీ అడిగాడు, "గా పూత ఎన్ని దినాలుంటది?"

"మొదట్లో బాగా ఊరుతుంది. తర్వాత తగ్గుతూ పోతుంది. కొన్నాళ్లకి ఇక ఊరదండి."

"అటెన్క?"

"తర్వాత షుగరు అదుపులో పెట్టుకుని, ఊరికే యాంటీబయాటిక్స్ మింగకుండా, వేడీ వాపూ చూసుకుంటూ ఉండాలి."

మీ తాత మొహంలో నాకు ప్రశ్న కనిపించింది. తోటలో అయితే పూత కడుక్కుపోతే మళ్లీ పూస్తాం. లోపల ఎముకలో ఉన్నదానికి మళ్లీ ఎవరు పూస్తారు? జవాబు ఇద్దరికీ తెలుసు.

కీలు పడింది. నడిచాను. కాలు ఉంది, మీరు చూశారుగా, మెట్లెక్కి మీ పరుపులు ఎండలో వేసింది ఆ కాలితోనే. ఆ పూత ఎప్పుడో ఊరడం మానేసి ఉంటుంది. ఏ రోజు మానేసిందో నాకు తెలియలేదు. ఆ తెలియకపోవడమే ఇన్నేళ్లుగా నాతో నిద్రలేస్తోంది.

మీ తాత ఉన్నన్నాళ్లూ పొద్దున్నే గడపలో నిలబడి "ఎట్లుంది?" అనేవాడు. "సల్లగనే ఉంది" అనేదాన్ని. మబ్బు రోజుల్లో రెండోసారి కూడా వచ్చి అడిగేవాడు. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు కాబట్టి మబ్బు రోజుల్లో నేనే రెండోసారి చూసుకుంటాను.

మొన్న ముసురు పట్టిన పొద్దున, రెండోసారి చూసుకోవడానికి అట్లాగే కూర్చున్నాను. కుడి మోకాలు వేడిగా తగిలింది. మీ అమ్మకు ఫోన్ చేద్దామని వెతికాను, సగం నంబరు నొక్కాను. ఆగి, చేతులు మార్చాను. కుడి చెయ్యి ఎడమ మోకాలి మీద, ఎడమ చెయ్యి కుడి మోకాలి మీద. ఈసారి ఎడమ మోకాలు వేడిగా తగిలింది.

అప్పుడు గుర్తొచ్చింది, అంతకుముందు దాకా కుడి చేత్తో చాయ్ గ్లాసు పట్టుకుని ఉన్నాను. వేడి చేతిది. మోకాలిది కాదు.

ఫోన్ పక్కన పెట్టేసి, చెయ్యి చల్లారేదాకా ఆగి, ఇంకోసారి చూసుకున్నాను.